డైరీలోకి ఎక్కని చేదు చుక్కలు

మే 18, గురువారం. మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. గోడకు వేలాడే ఉష్ణమాపకం నలభై ఆరు దగ్గర ఉంది. హాజరు: కౌంటర్ వెనక నేను. వంటగదిలో పండ్లు కోసే గోండ్‌పిప్రి ఆవిడ, నేను చెల్లె అని పిలిచే మనిషి. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక బొగ్గు గని డంపర్ డ్రైవరు, ఆయన భార్య. యజమాని ఐదింటి తర్వాత వచ్చాడు. ఐసు ఒక దిమ్మ, సగం కరిగింది.

ఆనాటి డైరీ పేజీలో ఇదంతా ఇలాగే ఉంది. ఇదంతా నిజమే. దీని కింద ఇంకొక్క పంక్తి ఉంది. అది నిజం కాదు. ఇన్నేళ్ల డైరీల్లో తెలిసి రాసిన అబద్ధం నాకు అదొక్కటే. హోటళ్లలో, బార్లలో కొత్తగా చేరే పిల్లలు ఇప్పటికీ చంద్రాపూర్ తుకుంలోని మా ఇంటికి వచ్చి ఏ గ్లాసు ఎలా కలపాలో అడుగుతుంటారు. చెప్పి పంపిస్తుంటాను. ఈ సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను, నా పేరుతో సహా.

నేను పుట్టింది మహారాష్ట్రలోని రాజురా తాలూకాలో, లక్కడ్‌కోట్‌కు దగ్గరి పల్లెలో. మావాళ్లు పత్తి రైతులు. చిన్నప్పుడు నాలుగేళ్లు సరిహద్దు అవతల మేనమామ ఇంట్లో ఉండి తెలుగు బడిలో చదివాను. అందువల్ల నాకు తెలుగు రాయడం వచ్చింది. మా వైపు చాలామందికి నోట్లో తెలుగు, చేతిలో మరాఠీ. పద్దెనిమిదో ఏట నాగపూర్‌లో ఒక పెద్ద హోటల్‌లో గ్లాసులు కడిగే పనికి చేరాను. అక్కడి బార్ చూసుకునే పెద్దాయన గోవా నుంచి వచ్చినవాడు. ఎండాకాలపు పానీయాలు ఆయన కలిపినట్టు ఇంకెవరూ కలపలేదు. అనాస రసం, కొబ్బరినీళ్లు, నిమ్మ, పుదీనా, రమ్ము ఒక పొడుగాటి గ్లాసులో పోసి, నలగ్గొట్టిన ఐసు నింపి, చిన్న కర్ర కవ్వంతో రెండు అరచేతుల మధ్య తిప్పేవాడు. గ్లాసు బయట మంచు పట్టేదాకా తిప్పేవాడు. చివర్న, సీసా కన్నా పెద్ద కాగితం చుట్టిన ఒక బుల్లి సీసా తీసి, ఐసు మీద ఎర్రటి చేదు చుక్కలు విదిలించేవాడు. ఆ ఎరుపు తెల్లటి ఐసులోంచి మెల్లగా కిందికి దిగుతుంటే చూడటానికే సగం దాహం తీరేది.

ఆ సీసా గురించి ఆయన నాకు చెప్పింది ఒక్కటే. దీన్ని సీసాల లెక్కలో వేయకు, ఇది కూరలో ఉప్పులాంటిది అని. నేను ఆ మాటను అలాగే దాచుకున్నాను. ఎక్కడ పనిచేసినా ఆ సీసాను మద్యం అరలో పెట్టలేదు. సాసుల పక్కన, వెనిగర్ పక్కన పెట్టేవాణ్ణి.

తర్వాత చంద్రాపూర్ వచ్చి ఒక పర్మిట్ రూమ్‌లో, అంటే లైసెన్సున్న బార్‌లో, స్థిరపడ్డాను. ఇక్కడి ఎండ సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. షిఫ్టు దిగిన గని మనుషులు కనురెప్పల మీద బొగ్గు దుమ్ముతో వచ్చి కూర్చునేవాళ్లు. అనాసతో పాటు అల్లం, దొరికినప్పుడు పచ్చి మామిడి, నాగపూర్ సంత్రా వాడి వాళ్ల నోటికి తగ్గట్టు కలిపేవాణ్ణి. ఈ ఎండలో మనిషి మత్తు కోసం రాడు, చలువ కోసం వస్తాడు అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. బార్ వెనక నిలబడేవాళ్లు అందరూ తమకు తాము ఇలాంటి మాట ఒకటి చెప్పుకుంటారు.

డైరీ కౌంటర్ మీదే ఉండేది. రోజూ ఎండ ఎంత, ఎవరొచ్చారు, ఎవరికి ఏం కలిపాను, ఏది ఎక్కువైంది, అన్నీ రాసేవాణ్ణి. చివర గీత గీసి సంతకం పెట్టేవాణ్ణి. గీత కింద మళ్లీ ఏమీ రాయకూడదన్నది నా నియమం. కూర్చున్నవాళ్లు దీన్ని చూసి ఎగతాళి చేసేవాళ్లు గాని, తొలి వాన ఏ రోజు పడిందన్న పందెం వస్తే మాత్రం డైరీ తియ్యమనేవాళ్లు.

వాళ్లలో డైరీలోని తెలుగు చదవగలిగినవాడు ఈ డంపర్ డ్రైవరు ఒక్కడే. కోర్పనా వైపు రైతు కుటుంబం ఆయనది. తండ్రి పట్టుబట్టి అక్షరాలు నేర్పించాడట. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేవాడు, చదివాక అట్ట తుడిచి రెండు చేతులతో తిరిగిచ్చేవాడు. "ఈన బుక్కుల పడ్డదంటే పంచాయితిల పడ్డట్టే" అని పక్కవాళ్లకు చెప్పేవాడు. మనిషి మంచివాడు. తాగుడు మాత్రం ఎక్కువ.

ఒకసారి ఆయన భార్య గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు. సోమవారం మా ఆయన ఇక్కడికి వచ్చాడా అని అడిగింది. నేను డైరీ తీసి ఉన్నది ఉన్నట్టు చదివాను. వచ్చాడు, నాలుగు గ్లాసులు. అంతకుముందు భర్త ఆమెతో ఆ రోజు డబుల్ డ్యూటీ అని చెప్పాడట. ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆ వారమంతా ఆయన నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే నవ్వేశాడు.

ఇంతలో జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. అధికారులు వచ్చి అరలన్నీ ఖాళీ చేయించి, సీసాలు లెక్కపెట్టి, సీలు వేసుకుని పోయారు. సాసుల పక్కనున్న బుల్లి సీసాను ఒకాయన చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ అక్కడే పెట్టాడు. ఆయనా దాన్ని నాలాగే లెక్కలో వేయలేదు. యజమాని బోర్డు మార్చి జ్యూస్, ఫ్యామిలీ రెస్టారెంట్ అని రాయించాడు. నేను అదే కౌంటర్ వెనక, అదే కవ్వంతో, రమ్ము లేని గ్లాసులు కలపడం మొదలుపెట్టాను. నా పనితనం తగ్గలేదని నాకు నేనే రుజువు చేసుకోవాలని, మందు లేకుండానే ఆ రుచి తెప్పించాలని పట్టుదల. అల్లం ఘాటుతో గొంతు మండేట్టు చేశాను. చేదు చుక్కలు ముందుకన్నా ఎక్కువ పోయసాగాను. రెండు మూడు విదిలింపులు పోయే చోట ఒక చెంచా నిండా పోసేవాణ్ణి. సీసా అయిపోతే నాగపూర్ నుంచి సాసులతో పాటే ఇంకొకటి తెప్పించేవాణ్ణి.

జిల్లాలో మందు ఆగింది గాని మనుషులు ఆగలేదు. లక్కడ్‌కోట్ దాటితే తెలంగాణ. బండ్ల మీద పోయి తాగి వచ్చేవాళ్లు. డంపర్ డ్రైవరూ పోయేవాడు. ఒక రోజు అలా పోయొచ్చి డ్యూటీ ఎక్కి, డంపర్‌ను వెనక్కి తీసి లైటు స్తంభానికి గుద్దాడు. అదృష్టం బాగుండి అక్కడ మనిషి లేడు. సస్పెండ్ చేశారు. భార్య కూతుర్ని తీసుకుని పుట్టింటికి పోయింది.

అప్పుడాయన తాగుడు మాన్పించే డాక్టరు దగ్గర చేరాడు. రోజుకో గోలీ. అది వేసుకున్న మనిషి ఒంట్లో మందు పడితే గుండె దడ, వాంతులు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆ భయంతోనే మానేస్తారు. ఆయనే నా కౌంటర్ దగ్గర నిలబడి ఈ సంగతి చెప్పాడు. దగ్గు మందు కూడా వద్దన్నారు, గడ్డం గీసుకున్నాక రాసుకునే నీళ్లు కూడా వద్దన్నారు అన్నాడు. నేను విన్నాను. ఆ రోజు డైరీలో రాశాను కూడా. దగ్గు మందు కూడా పడదట, అని నా చేతి రాతలోనే ఉంది.

ఆరు నెలలు చుక్క ముట్టలేదు. ఉగాది తర్వాత భార్య తిరిగి వచ్చింది. ఇంకొక్కసారి తాగితే ఇక రానని చెప్పే వచ్చింది. అప్పటి నుంచి గోలీల అట్ట ఆమె సంచీలోనే. రోజూ పొద్దున ఆమే ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టేది. మే 19, శుక్రవారం, డాక్టరు కంపెనీకి ఉత్తరం రాయాలి. మనిషి మానేశాడని రాస్తే ఉద్యోగం తిరిగి వస్తుంది.

ఆ ముందు రోజు మధ్యాహ్నం భార్యను వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆమె ఆ గడప దాటడం అదే మొదలు. కూర్చున్నాక గోడలూ బల్లలూ నెమ్మదిగా చూసింది. తన సంసారంలోంచి పోయిన సాయంత్రాలన్నీ ఎక్కడికి పోయాయో చూస్తున్నట్టు అనిపించింది నాకు.

"అన్నా, గీమె ఎర్కనే గద" అన్నాడాయన.

"ఎర్కనే" అని ఆమే జవాబిచ్చింది. "నాలుగు గ్లాసులని సదివి సెప్పిండు."

"నాలుగంటే నాలుగే. బుక్కు అబద్ధమాడలే. నేనే ఆడిన." ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు గాని కొంగు సర్దుకుని కుర్చీలో వెనక్కి ఆనుకుంది. గా రోజుల్లో కలిపిన గ్లాసే కలుపు, మందొక్కటి లేకుండా, ఈమె ముందట తాగి చూపిస్త అన్నాడు. ఆమె తనకు మామూలు నిమ్మ సోడా చాలంది. తనకు చేదు పడదంది.

నేను షేకర్‌ను మూడుసార్లు కడిగాను. మూడుసార్లు. ఎప్పుడో అందులో రమ్ము ఉండేది కదా, ఈయన గోలీ మీద ఉన్నాడు కదా అని. గ్లాసు కొత్తది తీశాను. అంత జాగ్రత్తపడి, చివర్న అరలోంచి బుల్లి సీసా తీసి ఐసు మీద చెంచా నిండా పోశాను.

గ్లాసు బల్ల మీద పెడుతుంటే ఆమె అడిగింది. "ఇందుల మందు లేదు గదన్నా?"

"జిల్లాలనే లేదమ్మా" అన్నాను. చమత్కారంగా మాట్లాడాననుకున్నాను.

ఎండలో వచ్చిన మనిషి, గడగడా తాగేశాడు. ఇంకొకటి అడిగాడు. అదీ కలిపాను. అదే కొలత.

"సల్లగయిందన్నా కడుపుల" అన్నాడు. "గా గ్లాసే ఇది. అచ్చం గదే."

అంతకన్నా పెద్ద మెప్పు నా ఉద్యోగంలో నాకు రాలేదు.

ఓ పావుగంటకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మెడ, ముఖం. ఎండ దెబ్బ అనుకున్నాం. చెల్లె తడిగుడ్డ తెచ్చింది. ఆయన ఛాతీ పట్టుకుని గాలి అందడం లేదన్నాడు. వాంతి చేసుకుని కుర్చీలోంచి పక్కకు జారాడు. భార్య ముఖం తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. ఆ చేయి ఆగడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

"యాడ తాగినవ్?" అంది.

"తాగలేదే."

"గోలీ మీద మందు పడితెనే గిట్లయితదన్నడు డాక్టరు. నా ముందటనే అన్నడు." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు పోసినవా అన్నా?"

"లేదమ్మా" అన్నాను. ఆ క్షణాన నేను అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసింది చెప్పాను.

ఆమె మళ్లీ ఆయన వైపు తిరిగింది. ఇక నన్ను అడగలేదు. నా మాట నమ్మింది కాబట్టి ఆయన మాట నమ్మడం మానేసింది. ఆటోలోకి ఎక్కిస్తుంటే ఆయన ఎగశ్వాసలో ఒకటే మాట. "బుక్కు సూడు. అన్న రాస్తడు. ఏమేం పోసిండో అన్నీ రాస్తడు. బుక్కు సూడు."

వాళ్లు పోయాక చెల్లె గ్లాసులు ఎత్తుతూ ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. గీ ఎర్ర నీళ్లేందన్నా, మందు వాసన లెక్క ఉన్నది అంది. నేను కసిరాను. అది ఉప్పులాంటిదే అన్నాను. అన్నాక సీసా తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, కళ్లద్దాలు పెట్టుకుని, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ కాగితం చదివాను. అంకె చిన్న అక్షరాల్లో ఉంది. రమ్ము సీసా మీద ఉండే అంకె కన్నా పెద్దది.

అప్పుడు ఆటో ఎక్కాల్సింది. ఆస్పత్రి దూరమేమీ కాదు. ఆ సీసా చేత్తో పట్టుకుని డాక్టరు ముందు పెట్టి ఉంటే, ఈ రాత రాయాల్సిన పని ఉండేది కాదు. నేను యజమానికి ఫోన్ చేశాను. ఏదైనా జరిగితే ముందు యజమానికి చెప్పాలన్నది కూడా నా నియమాల్లో ఒకటి.

ఆయన వచ్చి అంతా విన్నాడు. కోపం చేయలేదు. నిషేధం ఉన్న జిల్లాలో అది పట్టుబడితే నీకూ నాకూ జైలే కాకా అన్నాడు. చెల్లె ఉద్యోగం కూడా పోతుందన్నాడు. మనిషి బతుకుతాడట, ఆస్పత్రిలో కనుక్కున్నా, మనం బయటపడి చెప్పుకోవాల్సిన పని లేదన్నాడు. సీసా జేబులో వేసుకున్నాడు. ఇరయి నది వంతెన మీద నుంచి పారేశాడని తర్వాత తెలిసింది. పోయే ముందు డైరీ వైపు చూశాడు.

"ఇయ్యాల్టి పేజీ నా ముందట రాయి కాకా. రాసి సదువు. నాకు తెలుగు సదవరాదు."

రాశాను. రెండు పొడుగు గ్లాసులు: నిమ్మ, పుదీనా, అల్లం, అనాస, కొబ్బరినీళ్లు, ఐసు. ఒక నిమ్మ సోడా. చదివి వినిపించాను. ఆయన తలూపాడు. గీత గీశాను. సంతకం పెట్టాను. అప్పటికి సాయంత్రం ఆరు దాటింది, ఎండ ఇంకా తగ్గలేదు.

నాకు జైలు భయం ఉన్న మాట నిజమే. ఆ పేజీ రాసేటప్పుడు మనసులో ఉన్నది మాత్రం అదొక్కటే కాదు. ఇన్నేళ్ల పనిలో ఒక సీసా మీది కాగితం చదవలేదన్న మాటను నా చేతితో నేను రాసుకోలేకపోయాను. పిల్లలూ, సీసా మీద ఏముందో చదవండి, గురువు చెప్పినా చదవండి. ఇది చిన్న పాఠం. మీ తప్పును ఆ రోజే, ఆ పేజీలోనే రాయండి. నేను నేర్చుకోలేకపోయింది ఇది.

నిషేధం ఎత్తేశాక ఆ గది మళ్లీ బార్ అయింది. యజమాని కబురు పెట్టాడు. వెళ్లలేదు. మధ్యలో నేను ఎవరెవరి దగ్గరికి పోయి ఏం చెప్పుకున్నానో రాయడం వల్ల లాభం లేదు. ఏదీ ఆ మరునాటి ఉదయాన్ని మార్చలేదు. ఆ ఉదయం మాత్రం రాయాలి.

శుక్రవారం ఎనిమిదింటికి ఆస్పత్రికి వెళ్లాను. డైరీ సంచీలో ఉంది. ఆటోలో దాన్ని తీసి, పెన్ను మూత తీసి, గీత కింద ఒక పంక్తి రాద్దామా అని చూశాను. గీత కింద రాసింది ఎవరు నమ్ముతారు? మూత పెట్టేశాను.

గది బయట స్టీలు బెంచీ మీద ఆమె ఒడిలో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వెంట లోపలికి వచ్చింది. ఆయనకు సెలైన్ ఎక్కుతోంది. ముఖంలో ఎరుపు పోయి బూడిద రంగు మిగిలింది. నన్ను చూడగానే దిండు మీద నుంచి తల ఎత్తాడు. "అచ్చిండు. నేను సెప్పలే? బుక్కు తెచ్చినవా అన్నా?"

తాగుడు మాన్పించే ఆ డాక్టరే మంచం కాళ్ల దగ్గర నిలబడి కాగితాలు చూస్తున్నాడు. నేను మరాఠీలో అంతా చెప్పాను. నేనే పోశాను, తెలియక పోశాను, ఈయన తప్పేమీ లేదు అన్నాను. డాక్టరు మర్యాదగానే విన్నాడు. సీసా ఏదన్నాడు. లేదన్నాను. యజమానికి ఫోన్ చేశాడు. అలాంటి సీసా మా దగ్గర ఎప్పుడూ లేదని యజమాని చెప్పాడు. కాకా, ఇక్కడికి ప్రతి నెలా ఎవరో ఒక స్నేహితుడు వచ్చి ఇలాగే చెప్తాడు అన్నాడు డాక్టరు.

"బుక్కు సదువన్నా" అంది ఆమె.

తెరిచాను. నా చేతిలో ఉన్నదాన్ని ఆమె గాని డాక్టరు గాని చదవలేరు. చదివాను. నిమ్మ, పుదీనా, అల్లం, అనాస, కొబ్బరినీళ్లు, ఐసు. ఆపకుండా, అదే గొంతుతో, చేదు చుక్కలు గ్లాసుకు ఒక చెంచా అని కూడా చదివాను. పేజీలో లేని నిజాన్ని ఉన్నట్టు చదివాను.

ఆయన సూది లేని చేయి చాచాడు. ఇవ్వక తప్పలేదు. పుస్తకం ఛాతీ మీద పెట్టుకుని, అక్షరాల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. పంక్తి చివరికి వచ్చాడు. కింద గీత. కింద నా సంతకం. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఇందుల లేదు గదన్నా" అన్నాడు.

"పోసిన. పోసి రాయలేదు."

ఆమె సంచీ భుజాన వేసుకుంది. ముఖంలో కోపం లేదు. "నాడు ఉన్నదున్నట్టు సదివినవ్. గందుకే నిన్ను నమ్మిన" అంది. "ఇయ్యాల ఈన మీద పాణం గుంజి, జాలితోని లేనిది సదివినవ్." బయటికి వెళ్లిపోయింది.

డాక్టరు కంపెనీకి పంపే కాగితం మీద రెండు మాటలు రాశాడు. నేను తలకిందులుగా చదవగలిగాను. మళ్లీ తాగాడు, అని.

ఆయన డైరీ మూసి, అట్టను దుప్పటి అంచుతో తుడిచి, కౌంటర్ దగ్గర ఇచ్చేటట్టే రెండు చేతులతో నాకు ఇచ్చాడు. ఆ గదిలో నా మాట నమ్మినవాడు ఆయన ఒక్కడే.

"ఎందుకు రాయలేదన్నా?" అన్నాడు.

జవాబు చెప్పేలోపు నర్సు వచ్చి బయట కూర్చోమంది. బయటికి వచ్చాను. బెంచీ మీద ఆమె లేదు. ఆమె కూర్చున్న చోట గోలీల అట్ట ఉంది. పదింటిలో నాలుగు మిగిలాయి.